మతానికొకరు చొప్పున

మా కాలేజీ కరస్పాండెంట్ జగదీష్ గారికి లౌకికవాదం మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టింది. ఎందుకు పుట్టిందో చెబితే మీకూ పుడుతుంది. కాలేజీలకు గ్రేడులిచ్చే తనిఖీ బృందం నవంబరు ఇరవై ఆరున మా మదనపల్లె కాలేజీకి వస్తోంది. వాళ్ళ మార్కుల పట్టికలో లౌకిక విలువలకని ఒక గడి ఉందట. ఆ రోజు రాజ్యాంగ దినోత్సవం కూడా. ఇక ఆ గడి నిండా మార్కులు రాలాల్సిందేనని ఆయన కంకణం కట్టుకున్నాడు. కంకణం అంటే మాటవరసకు కాదు, కార్తీక మాసం కదా, చేతికి నిజంగానే ఎర్రదారం కట్టి ఉంది.

నా పేరు యమున. పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చి ఈ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతాను. రాజ్యాంగం నా సబ్జెక్టు కాబట్టి గడి నింపే పని నా నెత్తిన పడింది. జగదీష్ గారు పిలిస్తే గదిలోకి వెళ్ళాను. టేబుల్ మీద రాజ్యాంగ పీఠిక పటం, బంగారు రంగు ఫ్రేముతో, కొత్తది. దానికి నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమ. కుంకుమ బొట్టు సరిగ్గా 'లౌకిక' అన్న మాట మీద పడింది. ఆయన కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు పటం మీద చిలకరించి, హారతి నా ముందుకు చాపాడు.

"కొత్త పటం మేడం. పూజ చెయ్యకుండా ఎట్ల తగిలించేది?"

నేను హారతి కళ్ళకద్దుకున్నాను. ఉద్యోగం కదా.

"సూడు మేడం, లౌకికవాదం స్టేజీ మింద కనపడాల. ఊరికే మాట్లాడితే యావడు నమ్ముతాడు? మతానికొకరు చొప్పున ముగ్గురు కావాల. హిందువు ఒకరు, ముస్లిం ఒకరు, క్రిస్టియన్ ఒకరు. ముగ్గురూ కలిసి దీపం ఎలిగించాల, తలా ఒక ప్రార్థన చెయ్యాల. ఫోటో పేపర్లో పడాల. మనకు మూడు కాలేజీలు ఉండాయి, ఈడ దొరక్కపోతే పుంగనూరులో సూడు, ఆడ గూడా దొరక్కపోతే కుప్పంలో సూడు."

టమోటా మండీలో ఏ లారీకి ఎన్ని క్రేట్లో చెప్పినంత సులువుగా చెప్పేశాడు. ఆయన తండ్రిది ఆ వ్యాపారమే.

హిందువుకు కొదవ లేదు. ముస్లిం కూడా చేతిలో ఉన్నట్టే. కెమిస్ట్రీ చెప్పే ఖాదర్‌వలీ మాకు ఆస్థాన ముస్లిం. జెండా పండుగలకు, గాంధీ జయంతికి, ఎన్నికల ముందు జరిగే ఐక్యతా ర్యాలీకి ఆయనే. కాలేజీ డబ్బుతో ఆయనకొక తెల్లటోపీ కూడా కొన్నారు. అది ల్యాబు సొరుగులో, లిట్మస్ కాగితాల పక్కన ఉంటుంది.

విషయం చెబితే ఆయన సొరుగు తెరిచి టోపీ దులిపాడు. "నమాజుకు నేను జేబురుమాలు కట్టుకుంటా మేడం. ఈ టోపీ పెట్టేది జగదీష్ సారు కోసరమే. ఈసారి ఏం ఎలిగించాల? దీపమా, క్యాండిలా?"

"దీపమే."

"సరే. పావురం లేదు గదా? పోయినసారి పావురం నా సొక్కా మింద పనికానిచ్చింది."

మిగిలింది క్రైస్తవులు. విద్యార్థుల వివరాలు తీస్తే, మదనపల్లె కాలేజీలో క్రైస్తవులు సున్నా. పుంగనూరులో సున్నా. కుప్పంలో సున్నా. తెలియనివాళ్ళు చూస్తే ఈ జిల్లాలో యేసుప్రభువు పేరు ఎవరూ వినలేదనుకుంటారు. కానీ ఆదివారం పొద్దున మా ఆడపిల్లల హాస్టల్ సగం ఖాళీ అవుతుంది. తలలు నున్నగా దువ్వుకుని, చేతిలో నల్లట్ట పుస్తకాలు పట్టుకుని వరసగా బయల్దేరతారు. వార్డెను అడగదు, వాళ్ళు చెప్పరు. సోమవారం తెల్లారేసరికి కాగితాల మీద అందరూ మళ్ళీ హిందువులే.

ఎందుకో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు, బయటివాళ్ళ కోసం చెబుతాను. ఎస్సీ కుటుంబంలో పుట్టిన మనిషి క్రైస్తవంలోకి వెళ్తే ఎస్సీ హోదా పోతుంది. బీసీల్లో ఓ మూల చోటిస్తారు, అది నూటికి ఒక్క ఉద్యోగం. యేసు దగ్గరికి పోతే కులం రాలిపోతుందని చట్టం గట్టిగా నమ్ముతుంది. ఊళ్ళు మాత్రం ఇంకా నమ్మలేదు. ప్రార్థన మందిరమూ ఆ కాలనీలోనే, శ్మశానమూ ఆ పక్కనే, పై వీధివాళ్ళు పిలిచే పిలుపూ పాతదే. కులం ఒంటిని పట్టుకునే ఉంటుంది, సర్టిఫికెట్టే పోతుంది. అందుకని జనం నోరు మూసుకుని ప్రార్థన చేయడం నేర్చుకున్నారు.

సున్నా సంగతి చెబితే జగదీష్ గారు నవ్వాడు.

"యాల వెతకతాండావు మేడం? మన ఆఫీసులోనే నీరజ ఉండాది గదా. బొట్టు పెట్టదు, ఆదివారం పిలిస్తే రాదు, పోయిన క్రిస్మస్‌కు మనకందరికీ కేకు తెచ్చింది. ఇంతకన్నా ఏం సాక్ష్యం కావాల? పాట గూడా బాగా పాడతాది. పెట్టెయ్ ఆ యమ్మిని."

నీరజ మా ఆఫీసులో కంప్యూటర్ పని చూస్తుంది. నిమ్మనపల్లె పక్క ఊరు. తల్లి మునెమ్మ పదేళ్ళ కిందటిదాకా టమోటా తోటల్లో కూలికి పోయేది, ఇప్పుడు హైస్కూల్లో ఆయా. నీరజ రాత్రింబవళ్ళు చదివి, ఎస్సీ కోటాలో డీఎస్సీ టీచరు ఉద్యోగానికి ఎంపికైంది. సోమవారం చిత్తూరులో సర్టిఫికెట్ల వెరిఫికేషన్. అది దాటితే ప్రభుత్వ టీచరు. మా ఫంక్షన్ దానికి ముందు బుధవారం.

ఆ సాయంత్రం నీరజ స్టాఫ్‌రూముకు వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"మేడం, స్టేజీ మింద నన్ను క్రిస్టియన్ అని నిలబెడతాండారంట గదా. ఫోటో పేపర్లో వస్తే నా ఉద్యోగం పోయినట్టే. లిస్టులో నా కింద ప్రవీణ్ అని సదుం అబ్బాయి ఉండాడు. నాది ఊడితే పోస్టు ఆయనకే. ఆ పేపర్ ముక్క జతచేసి ఆకాశరామన్న అర్జీ ఒకటి పెడితే సాలు, ఎమ్మార్వో ఎంక్వైరీకి వస్తాడు."

"ప్రవీణ్‌కు నీ సంగతి ఎట్లా తెలుసు?"

"తెలవకుండా ఎట్ల ఉంటాది మేడం? మా మందిరంలో కీబోర్డు వాయించేది ఆయనే."

నాకు నవ్వొచ్చింది, ఆ పిల్ల ముఖం చూసి మింగేశాను. ఇద్దరూ ఒకే దేవుణ్ణి ఒకే ఉద్యోగం అడుగుతున్నారు. ఆయన ఏం చేస్తాడో పాపం.

"వద్దని చెప్పెయ్ నీరజా."

"ఎట్ల చెప్పేది? నా ఒరిజినల్స్ అన్నీ సారు బీరువాలో ఉండాయి."

అది మా ప్రైవేటు కాలేజీల ఆచారం. ఉద్యోగంలో చేరేటప్పుడు టెన్త్ మార్కుల లిస్టు మొదలుకొని కుల ధ్రువీకరణ దాకా అసలు కాగితాలన్నీ యాజమాన్యం పుచ్చుకుంటుంది, మనిషి పారిపోకుండా. నావి కూడా ఆ బీరువాలోనే ఉన్నాయి. పౌరహక్కుల పాఠం చెప్పేదాన్ని, నా డిగ్రీ చూడాలంటే నేనే అర్జీ పెట్టుకోవాలి.

మరునాడు జగదీష్ గారి దగ్గరికి వెళ్ళాను. పటం గోడెక్కింది. దానికి చామంతి దండ, కింద అగరొత్తులు. ఒంటికాలి మీద నిలబడటం ఒక్కటే తక్కువ, అంత భక్తి.

"సార్, నీరజను వదిలేయండి. ఆ పిల్ల ఉద్యోగం పోతుంది."

"ఏందప్పా ఇది! రాజ్యాంగంలో మత స్వేచ్ఛ ఉండాదని నువ్వే గదా పిల్లోళ్ళకు చెప్తావు? స్వేచ్ఛ ఉన్నప్పుడు చెప్పుకునేదానికి భయం యాల?"

ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టిన పంతొమ్మిది వందల యాభై నాటి ఉత్తర్వు సంగతి వివరంగా చెప్పాను. ఆయన విన్నాడు, నిజం చెప్పాలంటే శ్రద్ధగానే విన్నాడు. విని, ఆశ్చర్యపోయాడు.

"అట్లయితే చర్చికి యాల పోతాది?"

"నమ్మకం సార్."

"నమ్మకం ఇంట్లో పెట్టుకోవాల మేడం. ఆఫీసుకు తేగూడదు." అంటూ ఐదు వేళ్ళకు ఆరు ఉంగరాలున్న చేత్తో గంట కొట్టి టీ తెప్పించాడు. "సరే, నేనేమన్నా రాక్షసుణ్ణా? వేరే క్రిస్టియన్‌ను తీసకరా, నీరజను వదిలేస్తా. కాగితాలు యాడికీ పోవు. ఫంక్షన్ బాగా జరగనీ, నా చేత్తోనే ఇస్తా."

అంటే బాగా జరగకపోతే ఇవ్వడు.

కుప్పం కాలేజీ ప్రిన్సిపాల్ దామోదర్‌కు ఫోన్ చేశాను. ఒక క్రైస్తవుణ్ణి పంపమంటే ఆయన గొంతు తగ్గించాడు.

"మేడం, మా కాడ భక్తులకు కరువు లేదు. పేరు చెప్పే భక్తులకే కరువు. ఆదివారం పొద్దున రైలెక్కి కర్ణాటకలో బంగారుపేట దిక్కు పోతారు. ఆడ యావరికీ తెలవదు గదా, గొంతెత్తి ప్రార్థన చేసుకుంటారు. సాయంత్రం బండికి హిందువులై దిగతారు. మూడు రాష్ట్రాల సరిహద్దులో ఉండి ఈ మాత్రం సౌకర్యం లేకపోతే ఎట్లా?"

సరే, నిజమైనవాడు దొరకడు, వేషమైనా కడదామని ఆలోచించాను. మా వ్యాయామ అధ్యాపకుడు వెంకటరమణ చిన్నప్పుడు మిషన్ బడిలో చదివాడు, ప్రార్థనలు నోటికి వచ్చు. గ్రౌండులోకి వెళ్ళి చూద్దును కదా, నల్లపంచె, మెడలో మాల, నుదుటి నిండా విభూతి. అయ్యప్ప దీక్ష.

"స్వామీ, ఒక గంట ఫాదరుగా నిలబడతారా?" అని అడిగాను, అడక్క తప్పక.

"స్వామి శరణం. నలభై ఒక్క దినాలు అయిపోనీ మేడం, పోపుగా నిలబడమన్నా నిలబడతా."

నవంబరు నెల. మగ స్టాఫులో దాదాపు అందరూ నల్లబట్టల్లోనే ఉన్నారు. మాల వేయని మగవాడి కోసం కాలేజీ అంతా గాలిస్తే బస్సు డ్రైవరు మస్తానప్ప దొరికాడు. గంగజాతరకు పొట్టేలు కొట్టే ఇంటి మనిషి, పక్కా హిందువు. ముగ్గురు పిల్లలు పురిటిలోనే పోతే వాళ్ళ అవ్వ దర్గాకు మొక్కుకుంది, నాలుగోవాడు బతికాడు, ఆ దర్గా స్వామి పేరుతో మస్తానప్ప అయ్యాడు. మా దిక్కున ఇది ఎవరికీ వింత కాదు. జగదీష్ గారికి మాత్రం ఈ కాలేజీ పెట్టిన నాటి నుంచి తెలియదు. ముస్లిమనుకుని ప్రతి రంజానుకూ మస్తానప్పకు సెలవిస్తూ వచ్చాడు. ఇచ్చిన సెలవు కాదంటే తప్పని మస్తానప్ప కూడా ఇంట్లో పడుకునేవాడు.

ఫోటోలో ఫాదరులా కనబడితే చాలని జగదీష్ గారు ఒప్పుకున్నాడు. ఇక వేషం. ఫ్యాన్సీ డ్రెస్ షాపులో క్రిస్మస్ తాత డ్రెస్సు ఒకటే ఉందన్నారు. "తాత గూడా క్రిస్టియనే గదా మేడం," అన్నాడు జగదీష్ గారు ఫోన్లో. నేను ఒప్పుకోలేదు. చివరికి ఖాదర్‌వలీ తన ల్యాబు కోటు ఇచ్చాడు. దాన్ని వెనకది ముందుకు తిప్పి తొడిగితే దూరం నుంచి ఫాదరు అంగీ లాగే ఉంది, జేబు దగ్గర యాసిడ్ మరక తప్ప. ముస్లిం కోటు వేసుకుని, ముస్లిం పేరు పెట్టుకుని, హిందువు మస్తానప్ప క్రైస్తవుడయ్యాడు. జగదీష్ గారికి బుద్ధి ఉంటే ఈయన ఒక్కణ్ణే స్టేజీ మీద నిలబెట్టి మిగతా రెండు కుర్చీలు మిగుల్చుకోవచ్చు.

నీరజను పిలిచి చెప్పాను. ఆ పిల్ల నా చేతులు పట్టుకుంది. గండం గడిచిందనుకున్నాం ఇద్దరం.

మంగళవారం మధ్యాహ్నం జగదీష్ గారికి ఇంకో ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచనలు అన్నం తిన్నాకే వస్తాయి.

"మేడం, నువ్వు చెప్పింది నేను బాగా ఆలోచన చేసినా. నీరజ కాగితాల మింద హిందువే గదా? అట్లయితే మన హిందువు ఆ యమ్మినే! పట్టుచీర, బొట్టు, పూలు, దీపం. ఫోటో పేపర్లో పడితే రేపు యా ఆకాశరామన్న అర్జీ పెట్టినా ఆ ముక్క సూపిస్తే సాలు, నోరు మూసుకుంటాడు. ఆ బిడ్డ మంచికే చెప్తాండా. నా సొంత చెల్లెలైనా ఇట్లే చేస్తా."

బుద్ధిలేని మాట అయితే కొట్టిపారేసేదాన్ని. కానీ లెక్క సరిగ్గా ఉంది. అదే నాకు ఒళ్ళు మండించింది. పోయిన వారం ఏ ఫోటో నీరజ ఉద్యోగం ఊడగొట్టేదో, ఈ వారం అదే ఫోటో కాపాడుతుంది, మధ్యలో వేలెడు కుంకుమ ఉంటే చాలు.

"ఆ పిల్లను అడుగుతాను," అన్నాను.

"అడుగు, అడుగు. బలవంతం లేదు. మనది స్వేచ్ఛ ఉన్న దేశం." చెబుతూ బీరువా తాళాలగుత్తి టేబుల్ మీద ఇటునుంచి అటు జరిపాడు.

వెళ్ళి నీరజకు అంతా చెప్పాను. "క్రిస్టియన్‌గా నిలబడితే ఉద్యోగం పోతాది, హిందువుగా నిలబడితే ఉద్యోగం వస్తాది. నేను నీరజగా నిలబడేది యాడ మేడం?" అని అడిగింది. నా పదిహేడేళ్ళ సర్వీసులో ఏ పిల్లా ఇంత మంచి ప్రశ్న అడగలేదు. తనే కళ్ళు తుడుచుకుని, "పట్టుచీర మాకు లేదు మేడం, మీది ఇస్తారా?" అంది.

బుధవారం హాలు నిండింది. ముందు వరసలో తనిఖీ బృందం, పెద్దాయన మెడలో మేము కప్పిన శాలువా. తల్లిదండ్రుల భాగస్వామ్యానికి కూడా ఒక గడి ఉండటంతో స్టాఫు ఇళ్ళవాళ్ళనూ పిలిచారు. మునెమ్మ వచ్చింది. స్టేజీ వెనక నా మెరూన్ పట్టుచీరలో, తలనిండా కనకాంబరాలతో నిలబడిన కూతుర్ని ఎగాదిగా చూసింది. నేను తల దించుకున్నాను. చెమటకు బొట్టు పక్కకు జారి ఉంది. మునెమ్మ కొంగుతో చుట్టూ తుడిచి, వేలితో నడిమికి సరిచేసింది.

"వంకర పోయింటే ఫోటోలో బాగుండదు," అని వెళ్ళి హాస్టల్ పిల్లల పక్కన వెనక వరసలో కూచుంది.

దీపం వెలిగింది. ముగ్గురూ వంగి నిలబడితే కెమెరాలు మెరిశాయి. నీరజ రెండు శ్లోకాలు చదివింది. రాత్రంతా కూచుని నేర్చుకుంది, ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఖాదర్‌వలీ టోపీ సర్దుకుని దువా చేశాడు. తరువాత మస్తానప్ప మైకు ముందుకు వచ్చాడు. నేను రాసిచ్చిన ప్రార్థన చీటీ ఆయన ప్యాంటు జేబులో ఉంది. కోటు వెనకది ముందుకు తొడిగామా, ప్యాంటు జేబులోకి చెయ్యి పోయే దారి లేదు. రెండుసార్లు తడుముకున్నాడు, ఆశ వదులుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు.

"ప్రభువా," అన్నాడు. "దినమ్మూ అరవైమంది బిడ్డలను ఎక్కించుకొని తిరగతాండా. ఘాట్ రోడ్డులో బ్రేకులు సల్లగా సూడు. టైర్లు మార్చమని శానా దినాలుగా అడగతాండా, ఆ బుద్ధి గూడా పెద్దోళ్ళకు నువ్వే ఇయ్యి. ఆమెన్."

ఆ రోజు ఆ స్టేజీ మీద నిజంగా దేవుణ్ణి అడిగింది ఆయన ఒక్కడే. బృందం పెద్దాయన కూడా 'ఆమెన్' అన్నాడు.

అంతటితో దిగిపోతే బాగుండేది. యాంకరింగు చేస్తున్న ఫైనలియర్ అమ్మాయి కుసుమ, కార్యక్రమంలో ఏది రాసి ఉంటే అది చదివే రకం. "ఇప్పుడు ఫాదర్ గారు ఒక క్రైస్తవ గీతం ఆలపిస్తారు," అని ప్రకటించింది. నీరజను ముందు అనుకున్నప్పుడు రాసిన గీతం అది. కొట్టేయడం నేను మరిచాను.

మస్తానప్ప నోరు తెరిచాడు, మూశాడు. నా వైపు చూశాడు. బృందం పెద్దాయన కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. జగదీష్ గారి ముఖం చూస్తే బీరువా శాశ్వతంగా మూసుకున్నట్టే ఉంది. నీరజ దీపం పక్కన నిలబడి కొంగు అంచు వేలికి చుట్టుకుంటోంది. ఆ పాటలు వంద వచ్చు ఆ పిల్లకు. ఒక్క చరణం ఎత్తుకుంటే చాలు, ఫంక్షన్ నిలబడుతుంది. ఎత్తుకుంటే తను పడిపోతుంది.

అప్పుడు వెనక వరస నుంచి ఒక ముసలి గొంతు లేచింది. మునెమ్మ. సన్నగా, కొంచెం పగిలిన గొంతు. ప్రతి క్రిస్మస్‌కూ కాలనీ మైకుల్లో వినబడే పాటే. రెండో పాదానికి పక్కనున్న హాస్టల్ పిల్ల కలిసింది. తరువాత ఆ వరస, తరువాత ఆ ముందు వరస. మూడో పాదానికి సగం హాలు పాడుతోంది. చప్పట్ల తాళం, వంతపాట, ఎక్కడ తగ్గాలో ఎక్కడ లేవాలో అన్నీ వచ్చు వాళ్ళకు. కాగితాల మీద సున్నా మంది క్రైస్తవులున్న కాలేజీ అది.

జగదీష్ గారు సంతోషం పట్టలేక పెద్దాయన చెవి దగ్గరకు వంగాడు. మైకు ఆయన పక్కనే ఉండటంతో అందరికీ వినబడింది. "అందరూ మా హిందూ పిల్లోళ్ళే సార్. క్రిస్టియన్ పాట ఎంత బాగా పాడతాండారో సూడండి. మా కాలేజీలో లౌకికవాదం అంటే ఇట్ల ఉంటాది."

పెద్దాయన గడి నిండా ఏదో రాసుకున్నాడు.

హాలంతా పాడుతోంది, స్టేజీ మీద నీరజ ఒక్కతే పాడలేదు. వెయ్యిమందిలో కలిసిపోయే గొంతు కాదు ఆమెది, పైగా కెమెరాలన్నీ ఆమె వైపే ఉన్నాయి. పెదాలు బిగించి, రెప్ప వేయకుండా దీపాన్ని చూస్తూ నిలబడింది. తల్లి పాడుతూ ఆమెనే చూస్తోంది. పాట అయ్యాక పెద్దాయన లేచి, "ఈ ప్రాంగణంలో ప్రతి ఒక్కరూ తమ మతాన్ని నిర్భయంగా పాటించడం చూసి ముగ్ధుణ్ణయ్యాను," అని ఉపన్యసించాడు. ఖాదర్‌వలీ టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మరుసటి రోజు పేపర్లో ఫోటో పడింది. కింద 'దీపం వెలిగిస్తున్న హిందూ, ముస్లిం, క్రైస్తవ ప్రతినిధులు' అని రాశారు. జగదీష్ గారు దాన్ని లామినేషన్ చేయించి పీఠిక పటం పక్కన తగిలించి, దానికీ బొట్టు పెట్టాడు. మాట మాత్రం తప్పలేదు, నీరజ కాగితాలు తన చేత్తోనే ఇచ్చాడు. ఫోటో కాపీ ఒకటి పైన పెట్టి మరీ ఇచ్చాడు.

సోమవారం పొద్దున నేను పుంగనూరు బస్సు దిగేసరికి మదనపల్లె బస్టాండులో తల్లీకూతుళ్ళు చిత్తూరు బస్సు కోసం నిలబడి ఉన్నారు. నీరజ ఫైలును గుండెకు అదుముకుని ఉంది. నుదుట బొట్టు అట్లాగే ఉంది, ఈసారి తనే పెట్టుకుంది. నేను అటు చూడటం గమనించి నవ్వింది.

"ఇది ఈ పొద్దు వరకే మేడం. పోస్టింగ్ వచ్చినాక తీసేస్తా. ఆ దినం పాడలేకపోయిన పాట గూడా గొంతెత్తి పాడతా."

మునెమ్మ కూతురి భుజం మీద చిన్నగా తట్టింది.

"పోస్టింగ్ వచ్చినాక యాడ తీస్తావే పిచ్చిదానా? అందరి కండ్లూ నీ మింద పడేది అప్పుడే గదా. రిటైరయినాక పాడుదువులే."

నీరజకు ఇరవై ఆరేళ్ళు. టీచర్లు రిటైరయ్యేది అరవై రెండుకు. ఆ పిల్ల నవ్వు సగంలో ఆగింది, బస్సు రావడంతో ఇద్దరూ పరుగెత్తి ఎక్కారు. నేను తిట్టుకుంటూ కాలేజీకి నడిచాను. ఎవరిని తిట్టాలో తెలియక అందరినీ తిట్టాను, నన్ను కూడా.

మొదటి గంట నాదే. బోర్డు మీద 'మత స్వాతంత్ర్యం, ఇరవై ఐదో అధికరణం' అని రాసి, ప్రతి పౌరుడూ తనకు నచ్చిన మతాన్ని స్వేచ్ఛగా అవలంబించవచ్చు, ఆచరించవచ్చు, ప్రచారం చేసుకోవచ్చు అని చెప్పాను. వెనక బెంచీల్లో హాస్టల్ పిల్లలు తల వంచుకుని నోట్సులోకి ఎక్కించుకున్నారు. సందేహాలుంటే అడగమన్నాను. ఒక్కరూ అడగలేదు.